నడిబొడ్డు మనది కాదా?

హైదరాబాదులో మీ హాస్టలు ఎక్కడ అని ఎవరైనా అడిగితే హిమాయత్‌నగర్ అని చెబుతాం. అడిగినవారు ఒకసారి మా చెప్పుల వంక చూసి "అబ్బో, కాస్ట్లీ ఏరియా!" అంటారు. ఆ మాటలో కొంత మెచ్చుకోలు, కొంత అనుమానం కలిసి ఉంటాయి. కూలి చేసుకునేవాళ్ల పిల్లలకు అంత ఖరీదైన చోట ఏం పని అన్న ప్రశ్న పైకి రాదు గానీ వినిపిస్తూనే ఉంటుంది. ఈ మధ్య అది పైకి కూడా వస్తున్నది. "అద్దెలు మండిపోతున్నాయి, ఈ హాస్టళ్లను రింగు రోడ్డు అవతలికి మార్చేస్తే అందరికీ మంచిది కదా" అని చదువుకున్న పెద్దలే అంటున్నారు. అందుకే ఈసారి వార్షికోత్సవ సంచికలో ఈ విషయమే రాయాలనుకున్నాం. ఖరీదైన బస్తీలో మేము ఎట్లా బతుకుతున్నామో, ఇక్కడే ఎందుకు ఉండాలనుకుంటున్నామో రెండూ చెబుతాం.

ముందుగా బతుకు సంగతి.

ఏడో నిజాం పెద్ద కొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు మీద వెలసిన బస్తీ ఇది. విశాలమైన ఆవరణల్లో ఒకప్పుడు బంగళాలు ఉండేవని, వేసవిలో గల్లీ పొడుగునా మామిడి చెట్ల నీడ ఉండేదని పాత అన్నలు చెబుతారు. ఇప్పుడు ఆ బంగళాలు పోయి అపార్టుమెంట్లు లేచాయి. మెయిన్ రోడ్డు మీదికి వస్తే బట్టల షోరూములు, నగల దుకాణాలు, అద్దాల ఆసుపత్రులు, పేర్లు పలకడం కష్టమైన హోటళ్లు కనిపిస్తాయి. కుక్కలకు స్నానం చేయించి బొచ్చు కత్తిరించే దుకాణాలు కూడా వచ్చాయి. అక్కడ ఒక కుక్కకయ్యే ఖర్చుతో మాలో ఒకరికి నెల రోజుల సబ్బులు, నూనె, పేస్టు వస్తాయి.

ఇంటర్ పైన చదివే హాస్టల్ విద్యార్థికి నెలకు 1,500 రూపాయలున్న మెస్ చార్జీని రాష్ట్ర ప్రభుత్వం 2024లో 2,100 రూపాయలు చేసింది. చాలా ఏళ్ల తర్వాత పెరిగింది, సంతోషమే. లెక్క వేస్తే రోజుకు 70 రూపాయలు. పొద్దున టిఫిను, రెండు పూటల అన్నం, గుడ్డు, చాయ్ అన్నీ అందులోనే. మా గల్లీ మలుపులో ఉన్న ఏసీ కాఫీ షాపులో ఒక కప్పు కాఫీ దానికంటే ఎక్కువ. మేము దాని ముందు నుంచే రోజూ కాలేజీకి పోతాం. ఇన్నేళ్లలో లోపలికి పోయినవాడు మాలో ఒక్కడే, వాడు కూడా పని అడగడానికి పోయాడు.

ఖరీదైన బస్తీలో డబ్బు లేకుండా బతకడం ఒక విద్య. ఆ విద్యను సీనియర్లు జూనియర్లకు నేర్పుతారు. సబ్బు బిళ్ల ఇక్కడ కొనొద్దు, నారాయణగూడ మార్కెట్ దాకా నడువు. కటింగు ఇక్కడ చేయించుకోవద్దు, చిక్కడపల్లి గల్లీల్లోకి పో. పుస్తకాలు కొత్తవి కొనొద్దు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుకు, దొరక్కపోతే కోఠీలో సెకండ్ హ్యాండువి చూడు. మెస్ మూసిన రోజున ఐదు రూపాయల భోజనం బండి ఎక్కడ నిలబడుతుందో, ఎన్ని గంటలకు అన్నం అయిపోతుందో తెలుసుకో. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కు పో, నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా ఎప్పుడూ ఉతికి పెట్టుకో. ఇవేవీ సిలబస్‌లో లేవు గానీ ఇవి తెలియకపోతే మొదటి ఏడాది గట్టెక్కదు.

క్యాటరింగ్ మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. ఈ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో జరిగే పెళ్లిళ్లను మేము బఫే బల్లల వెనక నిలబడి చూశాం. ప్లేట్లలో వదిలేసిన అన్నాన్ని డ్రమ్ముల్లో పోసింది మా చేతులే. అర్ధరాత్రి దాటాక కూలి డబ్బులు తీసుకొని నడిచి వస్తే గేటు దగ్గర వాచ్‌మన్ తాతను బతిమాలుకోవాలి. మర్నాడు తొమ్మిదిన్నరకు క్లాసు. ఈ బస్తీ ఐశ్వర్యాన్ని మేము టీవీలో చూసినవాళ్లం కాదు, దానికి వడ్డించినవాళ్లం. అందుకే దాన్ని చూసి బెదరం, దానికి ఆశపడి చెడిపోం కూడా.

ఇక లోపలి సంగతి. మాది అద్దె భవనం. ఒక కుటుంబం కోసం కట్టిన ఇంట్లో అరవై మందికి పైగా ఉంటాం. గదికి ఆరు ట్రంకు పెట్టెలు, నాలుగు మంచాలు. పొద్దున ఆరింటికి బకెట్లు వరసగా కూర్చుంటాయి, వాటి వెనక మేము నిలబడతాం. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకరు వచ్చేదాకా స్నానం లేదు. ఆటస్థలం అన్న మాటే లేదు, క్రికెట్ ఆడాలంటే కాలేజీ గ్రౌండుకే పోవాలి. మేడ మీద ఆరేసిన లుంగీలు, తువ్వాళ్లతో గల్లీ అందం పాడవుతున్నదని పక్క అపార్టుమెంటు వాళ్ల ఫిర్యాదు. ఏప్రిల్ 14న డప్పు మోగితే పిల్లల పరీక్షలకు ఇబ్బంది అంటారు. వినాయక చవితికి తొమ్మిది రోజులు మైకు మోగినప్పుడు మా పరీక్షల సంగతి ఎవరూ అడగలేదు.

ఇన్ని ఇబ్బందులున్నప్పుడు శివార్లలో గాలి వెలుతురు ఉన్న కొత్త భవనం ఇస్తామంటే వద్దనడం ఎందుకు? ఇది న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం మా గేటు దగ్గర నుంచి నడక మొదలుపెట్టి చూడండి.

పావుగంట నడిస్తే 1887లో పుట్టిన నిజాం కాలేజీ. అంతకంటే దగ్గర్లో తెలుగు అకాడమీ, గ్రూప్స్ రాసేవాళ్లకు అక్కడి పుస్తకాలే ఆధారం. ఇంకో వైపు నడిస్తే చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ. అక్కడ కుర్చీ దొరకనివాళ్లు చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని చదువుతారు. ఆ చెట్ల కింద చదివి ఉద్యోగాలు తెచ్చుకున్న అన్నలు ఈ సంచిక చదివేవాళ్లలోనే ఉన్నారు. దాని పక్కనే కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అశోక్‌నగర్. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, అక్కడ లైబ్రరీతో పాటు సభలూ జరుగుతాయి, టికెట్టు ఉండదు. బషీర్‌బాగ్ చౌరస్తాలో బాబూ జగ్జీవన్‌రాం విగ్రహం, లిబర్టీ దాటితే ట్యాంక్‌బండ్ దగ్గర బాబాసాహెబ్ విగ్రహం, ఇంకాస్త ముందుకుపోతే 2023లో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహం, దాని దగ్గర్లోనే ఆయన పేరు పెట్టిన సచివాలయం. ఎక్కడికీ బస్సు ఎక్కనవసరం లేదు.

ఇదే హాస్టలు శివార్లలో ఉందనుకోండి. కాలేజీ మాత్రం కోఠీలోనో బషీర్‌బాగ్‌లోనో ఉంటుంది. ట్రాఫిక్‌లో పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. రోజుకు మూడు గంటల చొప్పున నెలకు పాతిక రోజులకు 75 గంటలు, పది నెలల చదువుకు 750 గంటలు. ఒక విద్యార్థి ఏడాదిలో 750 గంటలు ఫుట్‌బోర్డు మీద గడపాలన్న మాట. అన్ని గంటలు కుదురుగా చదివితే ఒక పోటీ పరీక్ష సిలబస్ పూర్తవుతుంది. బస్‌పాస్ ఇస్తామంటారు. బస్‌పాస్ టికెట్టు డబ్బు మిగిలిస్తుంది గానీ కాలాన్ని తిరిగివ్వదు. చెల్లెళ్ల సంగతి ఇంకా కష్టం. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్టు లేకపోవచ్చు, కానీ సాయంత్రం ల్యాబ్ అయ్యాక చీకట్లో ఆఖరి స్టాపులో దిగి నడవాల్సిన దూరం అట్లాగే ఉంటుంది. ఆ దూరానికి భయపడి "చదివింది చాలు, ఇంటికి రా" అన్న తల్లిదండ్రులు ఎంతమందో మనకు తెలుసు.

క్యాటరింగ్, ట్యూషన్లు, డెలివరీ పని, జిరాక్స్ సెంటర్లో సాయంత్రం డ్యూటీ ఇవన్నీ నగరం మధ్యలోనే దొరుకుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైనప్పుడు, ఇంటి నుంచి డబ్బు రానప్పుడు చదువును నిలబెట్టేది ఆ పనే. మంచం, అన్నం, దుప్పటి ఇస్తే సంక్షేమం పూర్తయిందని లెక్కలు వేసేవాళ్లు అనుకోవచ్చు. కానీ హాస్టలు ఏ చోట ఉన్నదన్నది కూడా సంక్షేమంలో భాగమే. ఈ చిరునామాయే మాకు అందుతున్న అన్నిటికంటే పెద్ద స్కాలర్‌షిప్పు. ఏ ఖాతాలోనూ పడదు కనుక దాన్ని తీసేసినా ఎవరికీ కనిపించదు.

ఈ సంగతి మన పెద్దలకు, ఇతరుల పెద్దలకు కూడా ఎప్పుడో తెలుసు. పల్లెల నుంచి పట్నం వచ్చే తమ పిల్లల కోసం 1918లోనే హైదరాబాదులో రెడ్డి హాస్టలు వెలిసింది. సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి కార్యదర్శిగా పనిచేశారు. ఆ దారిలోనే ఇంకా ఎన్నో కులాల హాస్టళ్లు నగరం మధ్యలోనే వచ్చాయి. పట్నంలో తలదాచుకునే చోటు ఉంటేనే చదువు ముందుకు పోతుందని వాళ్లు గుర్తించారు. అది వాళ్ల దూరదృష్టి, తప్పు పట్టేది కాదు. మన వైపు భాగ్యరెడ్డి వర్మ గారు కూడా పిల్లల బడిని నగరం మధ్యలోనే, ఇసామియా బజారులో మొదలుపెట్టారు. ఊరవతల చెట్టు కింద పెట్టి ఊరుకోలేదు. భూమి, డబ్బు ఉన్న కులాలు తమ హాస్టళ్లను తామే కట్టుకున్నాయి. అవి లేని మన కోసం ఆ పని సర్కారు చెయ్యాలి. అందుకే సంక్షేమ హాస్టలు దయ కాదు, మన హక్కు అంటున్నాం.

బాబాసాహెబ్ జీవితం చూసినా ఇదే కనిపిస్తుంది. విదేశాల్లో చదివి వచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే ఆయనకు ఉండటానికి చోటు దొరకలేదు. పార్శీ సత్రంలో పేరు మార్చుకొని తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. అంత చదువూ ఒక గదిని ఇప్పించలేకపోయింది. ఆయనే 1921, 22 సంవత్సరాల్లో లండన్‌లో చదువుకుంటూ ప్రిమ్‌రోజ్ హిల్ ప్రాంతంలో, కింగ్ హెన్రీస్ రోడ్డు 10వ నంబరు ఇంట్లో ఉన్నారు. ఈనాడు అది లండన్‌లో ఖరీదైన బస్తీల్లో ఒకటి. డబ్బుకు కటకటలాడుతూనే, లైబ్రరీలున్న మహానగరాన్ని వదలకుండా చదివారు. తర్వాత బొంబాయిలో పరేల్ చాల్‌లో బతికిన ఆ మనిషి 1930ల మొదట్లో దాదర్‌లోని హిందూ కాలనీలో తన పుస్తకాల కోసం "రాజగృహ" కట్టించారు. చదువుకున్న మధ్యతరగతి అగ్రవర్ణాలు ఉండే కాలనీ మధ్యలో!

లండన్ ఇంటి కథ అక్కడితో ఆగలేదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో ఆ ఇంటిని 30 లక్షల పౌండ్లకు పైగా పెట్టి కొని మ్యూజియం చేసింది. వచ్చిపోయేవాళ్లతో ఇబ్బందిగా ఉందని ఇరుగుపొరుగులో కొందరు అభ్యంతరం చెప్పారు. స్థానిక కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. చివరికి 2020లో బ్రిటన్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఒక విద్యార్థిగా ఆయన బతికిన ఇంటికి వందేళ్ల తర్వాత కూడా ఆ బస్తీలో ఉండే హక్కు కోసం పోరాడవలసి వచ్చింది. మా లుంగీల మీద, డప్పు మీద వచ్చే ఫిర్యాదులు దీని ముందు ఎంత!

మన ఊళ్లను ఒకసారి తలచుకోండి. నల్లగొండ కావచ్చు, పాలమూరు కావచ్చు, ఏ జిల్లా అయినా ఊరి నడుమ బొడ్రాయి, గుడి, పెద్దల ఇళ్లు. మన వాడ ఊరి చివర, తరచుగా చెరువు కట్ట కిందో, వాగు పక్కనో. బడి, బావి, దుకాణం, పంచాయతీ అన్నీ ఊళ్లో ఉంటే మనం నడిచి వచ్చి, పని చూసుకొని, మళ్లీ నడిచి పోవాలి. అంబేడ్కర్ పల్లె వదిలి పట్నం పొమ్మన్నది ఈ దూరం చెరిగిపోవాలనే. పట్నం వచ్చాక కూడా "మీ చోటు చివర్లోనే" అంటే మారింది ఏమిటి? ఊరి చివరి వాడ నగరం చివరి హాస్టలుగా మారిందంతే. ఎవరూ కులం పేరు ఎత్తరు, అద్దె పేరు చెబుతారు. కానీ పోవలసిన దిక్కు మాత్రం మారలేదు.

ఖరీదు పేరుతో పక్కకు నెట్టడం హాస్టళ్లతో మొదలుకాలేదు. మా హాస్టలుకు దగ్గర్లోనే ఇందిరా పార్కు ధర్నాచౌక్ ఉంది. 2017లో ట్రాఫిక్ కారణం చెప్పి ధర్నాలను శివార్లకు పంపారు. ఎవరికీ వినిపించని చోట అరిస్తే అది ధర్నా ఎట్లా అవుతుందని జనం అడిగారు. 2018లో హైకోర్టు జోక్యంతో ధర్నాచౌక్ మళ్లీ తెరుచుకుంది. ఎవరికీ కనిపించని చోట చదువుకొమ్మనే మాట గురించి మేము అడుగుతున్నదీ అదే.

ఇంకో ఉదాహరణ చూడండి. పీజీ అయ్యాక హాస్టలు ఖాళీ చేసి ఇదే బస్తీలో గది వెతికిన అన్నలకు ఏం జరిగిందో వాళ్లే చెప్పారు. టు-లెట్ బోర్డు చూసి పోతే మొదటి ప్రశ్న "ఏం జాబు?" కాదు, "మీరేమిట్లు?" అని. సూటిగా అడగలేనివాళ్లు "ఓన్లీ వెజిటేరియన్స్" అంటారు. కొందరికి అడ్వాన్సు తీసుకొని, ఇంటిపేరు, ఊరు విన్నాక తిరిగిచ్చారు. అంటే డబ్బున్నా మనకు ఈ బస్తీలో తలుపు సులువుగా తెరుచుకోదు. నగరం నడిబొడ్డున మన పిల్లలు కులం దాచుకోకుండా, గోడ మీద అంబేడ్కర్ ఫోటో పెట్టుకొని ఉండగలిగే ఇల్లు ప్రభుత్వ హాస్టలు ఒక్కటే. దాన్నీ తీసేస్తే మిగిలేది ఏమిటి?

అవతలి వాదంలోనూ నిజం ఉంది, దాన్ని మేము కాదనం. బడి పిల్లలకు ఆటస్థలం, చెట్లు, విశాలమైన తరగతి గదులు కావాలి. క్యాంపస్‌లోనే చదువు ఉండే గురుకులాలు శివార్లలో ఉంటే నష్టం లేదు. కాలేజీయే శివార్లలో ఉన్నవాళ్లకు హాస్టలు కూడా అక్కడే ఉండాలి. మా మాట నగరం మధ్యలో డిగ్రీ, పీజీ, లా చదివేవాళ్ల గురించి, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్ల గురించి. హాస్టలు కాలేజీ వెంట ఉండాలి గానీ చౌక స్థలం వెంట పరుగెత్తకూడదు. అట్లాగని ఆరు పెట్టెలు, నాలుగు మంచాల గదిలోనే మగ్గుతామని కూడా మేము అనడం లేదు. నగరం మధ్యలోనే మంచి హాస్టలు కావాలంటున్నాం.

అది సాధ్యమే. నగరం మధ్యలో పాతబడిన సర్కారు క్వార్టర్లు, సగం ఖాళీగా ఉన్న ఆఫీసు ఆవరణలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొద్ది స్థలం ఇచ్చి నాలుగైదు అంతస్తుల సొంత భవనం కడితే ఏటేటా అద్దె బెడద పోతుంది. ఒక అంతస్తు మొత్తం రాత్రంతా తెరిచి ఉండే రీడింగ్ హాలు చెయ్యాలి. సొంత భవనం వచ్చేదాకా అద్దెను బజారు రేటుకు దగ్గరగా కట్టాలి, నెలనెలా కట్టాలి. బాకీలు పడబట్టే ఇంటి ఓనరుకు మా మీద విసుగు పుడుతున్నది. మార్చక తప్పకపోతే మెట్రో స్టేషనుకు నడక దూరంలోకైనా మార్చాలి గానీ బస్సు కూడా సరిగా రాని చోటికి కాదు.

ఇక మన వంతు. తమ్ముళ్లారా, ఈ చిరునామా మనకు ఊరికే రాలేదు. ముందటి బ్యాచ్‌లు ధర్నాలు చేసి, లాఠీలు తిని నిలబెట్టుకున్నది. ఇక్కడ ఉండి రోజంతా మంచం మీద సెల్‌ఫోను చూస్తే శివార్లలో ఉన్నా ఒకటే. వారానికి ఒకసారైనా లైబ్రరీ కార్డు వాడండి. టికెట్టు లేని సభలకు పోయి వెనక వరసలో కాదు, ముందు వరసలో కూర్చోండి. షోరూము అద్దం ముందు తల దించుకోవద్దు, ఆ అద్దం తుడిచింది కూడా మనవాళ్లే. పక్క అపార్టుమెంటు పెద్దాయన ఎదురైతే నమస్తే చెప్పండి, ఆయన మనవడికి లెక్కలు రాకపోతే చెప్పండి. మన ఉనికి అలవాటు కావాలంటే మన ముఖాలు వాళ్లకు తెలియాలి.

అన్నలారా, ఉద్యోగాల్లో, కోర్టుల్లో, పత్రికల్లో, పార్టీల్లో మీరు ఉన్నారు. వార్షికోత్సవం రోజున వచ్చి సాంబారు రుచి మారిందా లేదా అని నవ్వుకుంటూ తిని పోతారు. అది మాకు సంతోషమే. కానీ ఈసారి తిన్నాక ఒక పని చేసి పొండి. హాస్టలు నగరం మధ్యలో ఉండబట్టే మీకు ఏం దొరికిందో ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి మాకివ్వండి. ఏ లైబ్రరీ, ఏ లెక్చరరు, ఏ పార్ట్‌టైం పని, ఏ సభ మిమ్మల్ని మలుపు తిప్పిందో రాయండి. ఆ కాగితాలన్నీ జత చేసి సొంత భవనం కోసం వినతిపత్రం ఇస్తాం. అద్దె ఎంత అవుతున్నదో ఫైళ్లలో ఉంది. ఆ అద్దె వల్ల ఎంతమంది మనుషులయ్యారో మాత్రం ఏ ఫైల్లోనూ లేదు. అది రాయగలిగింది మీరే.

జై భీమ్.

– హాస్టల్ విద్యార్థులు